మూడు సిగ్మాకూ నిజానికీ మధ్య ఎంత దూరం?

2025 ఏప్రిల్‌లో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. భూమికి 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కె2-18బి అనే గ్రహం మీద జీవం ఆనవాళ్లు దొరికాయన్నది దాని సారాంశం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని బృందం జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుతో ఆ గ్రహాన్ని పరిశీలించింది. దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దానికి దగ్గరి చుట్టమైన డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ, లేదా రెండూ గానీ ఉన్నట్టు సూచనలు కనబడుతున్నాయని ప్రకటించింది. భూమ్మీద ఈ వాయువులు ప్రధానంగా సముద్రంలోని వృక్షప్లవకాల వంటి సూక్ష్మజీవుల నుంచే వస్తాయి. సముద్ర తీరంలో ముక్కుకు తగిలే ప్రత్యేకమైన వాసనలో డైమిథైల్ సల్ఫైడ్ పాత్ర చాలా ఉంది.

ఆ ప్రకటనలోనే ఒక అంకె ఉంది: మూడు సిగ్మా. ఈ ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 0.3 శాతమేనని దానికి వివరణ ఇచ్చారు. చదివినవారిలో చాలామంది దీన్ని తిరగేసి, 'అయితే అక్కడ జీవం ఉండే అవకాశం 99.7 శాతం అన్నమాట' అనుకున్నారు. కొన్ని వారాలు గడవకముందే ఇతర బృందాలు అదే సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టి, అందులో ఆ వాయువు ఉందని చెప్పడానికి చాలినంత ఆధారమే లేదన్నాయి. 99.7 శాతం ఖాయమైన సంగతి అంత త్వరగా ఎలా కరిగిపోతుందని పాఠకుడికి అనుమానం రావడం సహజం. ఎవరో అబద్ధం చెప్పారన్న అనుమానం కూడా రావచ్చు. నిజానికి ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ 99.7 అనే అంకె మనం అడగని ప్రశ్నకు జవాబు. చిక్కంతా అక్కడే ఉంది.

124 కాంతి సంవత్సరాల అవతలి గాలిని ఎలా చూస్తారు?

ముందుగా కొలిచింది ఏమిటో చూద్దాం. కె2-18బి ద్రవ్యరాశి భూమికి సుమారు 8.6 రెట్లు, వ్యాసార్థం 2.6 రెట్లు. సూర్యుడి కంటే చిన్నదైన, చల్లనైన ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ అది 33 రోజులకొకసారి తిరుగుతుంది. మనకు ఆ గ్రహం విడిగా కనబడదు. అది నక్షత్రం ముందు నుంచి వెళ్లినప్పుడు నక్షత్రపు వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గుదల వెయ్యింట మూడు వంతులు మాత్రమే.

ఆ కొద్ది తగ్గుదల కూడా అన్ని రంగులలో ఒకేలా ఉండదు. గ్రహం అంచున పలచటి పొరలా వాతావరణం ఉంటే, నక్షత్రకాంతి దాని గుండా వడపోసుకుని మన దగ్గరకు వస్తుంది. ఒక్కో వాయువు కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతిని మింగేస్తుంది. ఆ తరంగదైర్ఘ్యాల దగ్గర గ్రహం రవ్వంత పెద్దదిగా కనిపిస్తుంది, వెలుగు ఇంకొంచెం తగ్గుతుంది. ఈ తేడాలను గీతగా గీస్తే వచ్చే ఎత్తుపల్లాలే ఆ గ్రహ వాతావరణపు వర్ణపటం. ఏ పల్లం ఏ అణువుదో ప్రయోగశాల కొలతలతో పోల్చి గుర్తుపడతారు.

చెప్పడానికి తేలికగానే ఉంది. కానీ ఈ ఎత్తుపల్లాలు కొలతలో సహజంగా ఉండే ఒడిదుడుకులతో దాదాపు సమానమైన పరిమాణంలో ఉంటాయి. పరికరంలో అలజడి ఉంటుంది. నక్షత్రం మీద మచ్చలు ఉండవచ్చు. 2025 నాటి ప్రకటనకు ఆధారమైన కొత్త కొలతలు గ్రహం ఒక్కసారి నక్షత్రాన్ని దాటినప్పుడు తీసుకున్నవి. మరి గీతలో కనిపించే ఒక గుంట వాయువు వల్ల వచ్చిందా, అలజడి వల్ల వచ్చిందా? సిగ్మా పుట్టింది ఈ ప్రశ్న కోసమే.

నాణెం ఎగరేస్తే తెలిసే సిగ్మా

ఒక నాణేన్ని వందసార్లు ఎగరేశామనుకుందాం. నాణెంలో లోపం లేకపోతే బొమ్మ సుమారు యాభైసార్లు పడాలి. కచ్చితంగా యాభైయే పడాలని లేదు. నలభై ఆరు పడవచ్చు, యాభై మూడు పడవచ్చు. ఈ సహజమైన ఊగిసలాటకు ఒక కొలబద్ద ఉంది. గణాంక శాస్త్రంలో దాన్ని ప్రామాణిక విచలనం అంటారు, దాని గుర్తు గ్రీకు అక్షరం సిగ్మా. వంద ఎగరవేతలకు ఒక సిగ్మా విలువ 5.

అంటే 45కూ 55కూ మధ్య ఎక్కడ పడినా అది ఒక సిగ్మాలోపు సంగతే. మామూలు నాణెం మూడింట రెండు వంతుల సార్లు ఈ పరిధిలోనే ఉంటుంది. 40 నుంచి 60 వరకు రెండు సిగ్మా. 65 బొమ్మలు పడితే మూడు సిగ్మా. లోపం లేని నాణెంతో ఇటు 65 లేదా అంతకు మించి పడటం గానీ, అటు 35 లేదా అంతకంటే తక్కువ పడటం గానీ వెయ్యిసార్లలో మూడు నాలుగు సార్లే జరుగుతుంది. మనం విన్న 0.3 శాతం ఇదే. 75 బొమ్మలు పడితే ఐదు సిగ్మా. మంచి నాణెంతో 75 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. కణభౌతిక శాస్త్రవేత్తలు కొత్త కణాన్ని కనుగొన్నామని చెప్పాలంటే ఈ గీత దాటాలని కట్టుబాటు పెట్టుకున్నారు. 2012 జులై 4న సెర్న్ ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్ ప్రకటన వెలువడినప్పుడు అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగాలూ వేర్వేరుగా ఐదు సిగ్మా స్థాయిని అందుకున్నాయి.

ఈ లెక్కంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. నాణెంలో లోపం లేదని ముందే అనుకున్నాం. అలా అనుకున్నప్పుడు 65 బొమ్మలు పడటం ఎంత అరుదో చెప్పాం. 65 బొమ్మలు పడ్డాక నాణెంలో లోపం ఉండే అవకాశం ఎంత అన్నది మరో ప్రశ్న. ఈ రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. వాటి జవాబులు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరంలో ఉండవచ్చు.

0.3 శాతం ఎందుకు 99.7 శాతంగా మారదు?

దీనికి ఒక లెక్క వేసి చూడటం కంటే మంచి దారి నాకు తెలియదు.

శాస్త్రవేత్తలు వెయ్యి ఊహలను పరీక్షిస్తున్నారనుకుందాం. వాటిలో వంద నిజమైనవి, తొమ్మిది వందలు తప్పు. నిజమైన వందలో ఎనభైని పరీక్ష పట్టుకుంటుంది. తప్పుడు ఊహలలో 0.3 శాతం, అంటే సుమారు మూడు, పొరపాటున మూడు సిగ్మా గీత దాటతాయి. మొత్తం 83 ప్రకటనలు వెలువడితే మూడు మాత్రమే తప్పు. నూటికి తొంభై ఆరు నమ్మవచ్చు.

ఇప్పుడు ఊహలు మరీ సాహసమైనవి అనుకుందాం. పదివేలలో పది మాత్రమే నిజం. అదే పరీక్ష, అదే గీత. నిజమైన పదిలో ఎనిమిది దొరుకుతాయి. మిగిలిన 9,990లో సుమారు ముప్ఫై పొరపాటున గీత దాటతాయి. 38 ప్రకటనల్లో ముప్ఫై తప్పు! ప్రతి పరిశోధన పత్రంలోనూ 'మూడు సిగ్మా' అనే ఉంటుంది, ప్రతి పరిశోధకుడూ నిజాయితీగానే పనిచేసి ఉంటాడు, అయినా ఐదింట నాలుగు నిలబడవు.

రెండు సందర్భాల్లోనూ సిగ్మా మారలేదు. ఆ ఊహ ముందు నుంచీ ఎంత సంభావ్యమైనదన్నదే మారింది. అసాధారణమైన మాటకు అసాధారణమైన రుజువు కావాలని పెద్దలు అనేది మొండితనంతో కాదు, దాని వెనుక ఈ లెక్క ఉంది. మరో గ్రహం మీద జీవం ఉండటం ఎంత అరుదో, ఎంత సాధారణమో ఇప్పటికి ఎవరికీ తెలియదు. కాబట్టి మూడు సిగ్మా ఫలితాన్ని 'జీవం ఉండే అవకాశం ఇంత' అని మార్చి చెప్పే సూత్రమే లేదు.

కె2-18బి విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడ మూడు సిగ్మా అంకె నాణెం లెక్కలాగా నేరుగా రాలేదు. ఆ వాయువు ఉన్నదనుకునే నమూనా, లేదనుకునే నమూనా, రెండింటిలో ఏది సమాచారానికి బాగా సరిపోతుందో పోల్చి, ఆ పోలికను సిగ్మా భాషలోకి మార్చారు. అలా మార్చే పద్ధతి అంకెను ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తుందని ఆ రంగంలోనే కొందరు వాదిస్తున్నారు.

ఎన్నిచోట్ల వెతికారన్నది కూడా లెక్కలోకి వస్తుంది

మళ్లీ నాణెం దగ్గరకు వద్దాం. ఒక్కరు ఎగరేసి 65 బొమ్మలు సాధిస్తే ఆశ్చర్యపోవాలి. మూడు వందల మంది ఎగరేస్తే వారిలో ఒకరికి అలాంటి ఫలితం రావడం మామూలే. ఆ ఒక్కరినే వేదిక మీదకు పిలిచి, మిగతా 299 మంది సంగతి చెప్పకపోతే ప్రేక్షకులు మోసపోతారు. వెతికిన చోట్లు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా ఏదో ఒకటి కనబడుతుంది.

2015 డిసెంబరులో సెర్న్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఫోటాన్ల, అంటే కాంతి కణాల, జంటలు అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించాయి. గీతలో ఉబ్బులా కనబడిన ఆ పెరుగుదల కొత్త కణం ఆనవాలు కావచ్చనుకున్నారు. అట్లాస్ ప్రయోగంలో ఆ ఒక్క చోటునే చూస్తే ఆ ఉబ్బు మూడున్నర సిగ్మా దాటింది. అంత విశాలమైన పరిధిలో ఎక్కడైనా ఉబ్బు రావచ్చన్న సంగతిని కలుపుకుంటే రెండు సిగ్మా దరిదాపులకు దిగిపోయింది. సీఎంఎస్‌లోనూ అక్కడే చిన్న ఉబ్బు కనబడటంతో ఉత్సాహం ఆగలేదు. ఆ కణం ఏమై ఉంటుందో వివరిస్తూ సిద్ధాంతకర్తలు వందల పత్రాలు రాశారు. 2016 ఆగస్టు నాటికి మరింత సమాచారం చేరింది, ఉబ్బు మాయమైంది. ఆ కణం ఎప్పుడూ లేదు.

కె2-18బి మీద వచ్చిన గట్టి విమర్శల్లో ఒకటి ఈ కోవలోదే. లూయిస్ వెల్‌బ్యాంక్స్, ఆయన సహచరులు అదే సమాచారానికి డైమిథైల్ సల్ఫైడ్‌తో పాటు తొంభై రకాల అణువులను ఒక్కొక్కటిగా అతికించి చూశారు. సగానికి పైగా అణువులు సరిపోతున్నట్టే కనిపించాయి. తాళానికి ఒకే తాళంచెవి ప్రయత్నించి అది పట్టిందంటే ఒక అర్థం, యాభై తాళంచెవులు పడుతున్నాయంటే వేరే అర్థం. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జేక్ టేలర్ ఇంకా సూటిగా వెళ్లారు. ఏ వాయువునూ ముందుగా ఊహించకుండా, ఈ గీతలో అసలు ఎత్తుపల్లాలు ఉన్నాయా అని అడిగారు. సమాచారానికి చదునైన గీత కూడా బాగానే సరిపోతుందని ఆయన విశ్లేషణలో తేలింది.

మధుసూదన్ బృందం ఈ విమర్శలను పక్కన పెట్టేయలేదు. వెతుకులాటను 650 రసాయనాలకు విస్తరించి, డైమిథైల్ సల్ఫైడ్ ఇప్పటికీ ముందు వరుసలోనే ఉందని బదులిచ్చింది. ఆ పరిస్థితుల్లో ఉండే అవకాశం లేని అణువులను కూడా పోటీలో నిలబెట్టడం న్యాయం కాదన్నది వారి వాదన. ఇందులో పస లేకపోలేదు. ఒక అణువు గీతకు సరిపోవడం వేరు, అది ఆ వాతావరణంలో ఉండగలగడం వేరు. అయితే ఆ వాతావరణంలో ఏది ఉండగలదో మనకు ముందే ఎంత తెలుసన్నది మళ్లీ మొదటి ప్రశ్న. వివాదం ఇప్పుడు ఈ ముడి దగ్గరే ఉంది.

సిగ్మాకు అందని తప్పులు

ఐదు సిగ్మా దాటితే ఇక నిశ్చింతే అనుకుంటే, దానికి గట్టి గుణపాఠం 2011లో వచ్చింది. సెర్న్ నుంచి బయలుదేరిన న్యూట్రినోలు అనే సూక్ష్మకణాలు 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద ఉన్న ప్రయోగశాలకు కాంతి కంటే 60 నానోసెకన్ల ముందే చేరుతున్నాయని ఒపేరా ప్రయోగ బృందం తెలిపింది. అరవై నానోసెకన్లలో కాంతి వెళ్లగలిగేది 18 మీటర్లు. అంత సూక్ష్మమైన తేడాను వేల సంఖ్యలో న్యూట్రినోలతో కొలిచి, ఆరు సిగ్మా సాధించారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికే ఎసరు వచ్చిందని వార్తలు రాశారు.

కారణం కొన్ని నెలల తరువాత దొరికింది. జీపీఎస్ సమయాన్ని లోపలి గడియారానికి చేరవేసే ఫైబర్ ఆప్టిక్ తీగ ఒకటి బిగువుగా కూర్చోలేదు. ఆ వదులు వల్ల సమయం లెక్క పదుల నానోసెకన్లు జరిగింది. తీగను సరిగ్గా బిగించాక, మరో తప్పు కూడా సరిదిద్దాక న్యూట్రినోలు మళ్లీ కాంతి వేగానికి లోబడ్డాయి.

ఆ ఆరు సిగ్మాలో మాత్రం లెక్క తప్పు ఏమీ లేదు! యాదృచ్ఛికంగా ఆ తేడా వచ్చి ఉండదని అది చెప్పింది, అది నిజమే, ఎందుకంటే తేడా వచ్చింది వదులు తీగ వల్ల. సిగ్మా అదృష్టాన్ని మాత్రమే కొలుస్తుంది. ప్రతిసారీ ఒకే దిక్కుకు లాగే తప్పును ఎన్నిసార్లు కొలిస్తే అంత ధీమాగా తప్పే వస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం ముందే బరువుగా ఉంటే వెయ్యిసార్లు తూచినా తూకం సరికాదు. ఒపేరా బృందం తమ ఫలితాన్ని ప్రకటించినప్పుడే, ఎక్కడ తప్పు జరిగిందో మీరూ వెతకండని తోటివారిని కోరిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తరువాత ఆ బృందం ఎదుర్కొన్న అవమానంలో ఈ మాట మరుగున పడిపోయింది.

2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోపు బృందం విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటి గురుత్వ తరంగాల ముద్ర దొరికిందని ప్రకటించింది. అక్కడా ఐదు సిగ్మా దాటింది. సంకేతం నిజంగానే ఉంది కూడా. కాకపోతే దాన్ని పంపింది మన పాలపుంతలోని ధూళి అని ప్లాంక్ ఉపగ్రహ సమాచారంతో కలిపి చూసినప్పుడు తేలింది.

కొలత మారకుండానే తేడా మాయమైతే

ఇంతవరకు చూసినవన్నీ కొలతలో వచ్చిన చిక్కులు. మ్యూయాన్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం, నాకు వీటన్నింటిలో ఎక్కువ ఆసక్తి కలిగించేది అదే.

ఎలక్ట్రాన్‌కు అన్నలాంటి మ్యూయాన్ కణం చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అయస్కాంత బలం ఎంతుండాలో సిద్ధాంతం లెక్కగట్టి చెబుతుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల ఈ శతాబ్దం మొదట్లో దాన్ని కొలిచినప్పుడు సిద్ధాంతంతో చిన్న తేడా కనిపించింది. దాన్ని తేల్చుకోవడానికి సుమారు 15 మీటర్ల వ్యాసం ఉన్న అయస్కాంత వలయాన్ని 2013లో పడవ మీద, రోడ్డు మీద వేల కిలోమీటర్లు తరలించి షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌కు చేర్చారు. 2021లో వచ్చిన ఫలితం పాత కొలతను బలపరిచింది. సిద్ధాంతంతో తేడా 4.2 సిగ్మా. ప్రకృతిలో తెలిసిన నాలుగు బలాలకు తోడు ఐదోది ఉందేమోనన్న చర్చ మొదలైంది.

సరిగ్గా అదే సమయంలో మరో బృందం సిద్ధాంతపు విలువను వేరే దారిలో, సూపర్ కంప్యూటర్లతో లెక్కగట్టింది. ఆ విలువ కొలతకు దగ్గరగా వచ్చింది. ఏళ్ల తరబడి ఇతర బృందాలూ అదే దారిలో వెళ్లి దాదాపు అక్కడికే చేరాయి. 2025లో సిద్ధాంతకర్తల ఉమ్మడి వేదిక తన అధికారిక విలువను మార్చుకుంది. అదే ఏడాది జూన్‌లో ఫెర్మీల్యాబ్ తన తుది కొలతను వెలువరించింది, వందకోట్లలో 127 వంతుల కచ్చితత్వంతో. ప్రయోగం ముందు చెప్పిన మాట మీదే నిలబడింది. కదిలింది పోల్చిన గీత. సిగ్మా రెండింటి మధ్య దూరం కాబట్టి, రెండింటిలో ఏది కదిలినా అది మారుతుంది. పాత సిద్ధాంత లెక్క ఆధారపడిన ప్రయోగ సమాచారంలో పరస్పర వైరుధ్యాలు ఎందుకున్నాయన్నది మాత్రం ఇంకా తేలలేదు.

తోటి నిపుణులు చూసి ఒప్పుకున్నారంటే?

ఇలాంటి వార్తల్లో తరచూ కనబడే మరో మాట పీర్ రివ్యూ, అంటే తోటి నిపుణుల సమీక్ష. పరిశోధన పత్రాన్ని ప్రచురణకు పంపితే, పత్రిక సంపాదకులు ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు చూపించి అభిప్రాయం అడుగుతారు. వారు పద్ధతి సరిగ్గా ఉందా, ఫలితం నుంచి నిర్ణయం తర్కబద్ధంగా వచ్చిందా అని చూస్తారు. సాధారణంగా ప్రయోగాన్ని మళ్లీ చేయరు. వదులు తీగ వారికి కనబడదు. సమీక్ష దాటిన పత్రం చర్చకు అర్హమైనదన్నంత వరకే అర్థం.

సమీక్షకు ముందే బయటకు వచ్చే రూపాన్ని ప్రీప్రింట్ అంటారు. 1991లో భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంతో భౌతిక శాస్త్రంలో ఇది అలవాటుగా మారింది. 2023 జులైలో గది ఉష్ణోగ్రత దగ్గరే నిరోధం లేకుండా విద్యుత్తును ప్రవహింపజేస్తుందని దక్షిణ కొరియా పరిశోధకులు చెప్పిన ఎల్‌కే-99 పదార్థం ఇలా ప్రీప్రింట్‌గానే వచ్చింది. సమీక్ష లేకుండా వచ్చిందని అప్పట్లో చాలామంది తప్పుపట్టారు. కానీ అందరికీ తెరిచి ఉండటం వల్లనే ప్రపంచమంతటా ప్రయోగశాలలు వెంటనే దాన్ని తయారుచేసి చూశాయి. కొద్ది వారాల్లోనే, నిరోధం హఠాత్తుగా పడిపోయినట్టు కనబడటానికి కారణం అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ అని తేల్చాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ కాలిఫోర్నియాలోని మోనో సరస్సు బ్యాక్టీరియా. ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌తో ఈ జీవి బతకగలదన్న పత్రం 2010లో ప్రసిద్ధ సైన్స్ పత్రికలో, సమీక్ష పూర్తయ్యాకే వచ్చింది. 2012లో ఇతరులు చేసిన ప్రయోగాలు దాన్ని కాదన్నాయి. పత్రిక ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నది మాత్రం 2025 జులైలో! పదిహేనేళ్లు పట్టింది. ఇక్కడ మోసం జరిగిందని పత్రిక అనలేదు. ప్రయోగాలు ప్రధాన నిర్ణయాన్ని బలపరచకపోతే, మోసం లేకపోయినా ఉపసంహరించవచ్చని సంపాదకులు వాదించారు. రచయితలు ఒప్పుకోలేదు. తప్పని తేలిన పత్రాన్ని తీసేయడం కంటే, దాని పక్కన దాన్ని ఖండించే పత్రాలు ఉండనివ్వడమే శాస్త్రం నడిచే తీరని బయటి పరిశోధకుల్లోనూ కొందరి అభిప్రాయం. నాకు రెండో వాదన వైపే కొంత మొగ్గు ఉంది. ఉపసంహరణ అనగానే మోసమే గుర్తుకొస్తుంది. నిజాయితీగా చేసిన పొరపాటుకు కూడా అదే మచ్చ పడితే పొరపాట్లను ఒప్పుకునేవారు తగ్గిపోతారు. అయితే తప్పుడు పత్రం అలాగే ఉంటే కొత్త విద్యార్థులు దాన్నే ఆధారం చేసుకుంటారన్న సంపాదకుల ఆందోళన కూడా ఊరికే వచ్చింది కాదు. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పత్రాలు ఉపసంహరణకు గురయ్యాయి. వాటిలో అత్యధికం సమీక్ష ప్రక్రియనే వంచించిన బూటకపు పత్రాలు. ఇటువంటి వాటినీ మోనో సరస్సు పత్రాన్నీ ఒకే మాటతో పిలవాల్సి రావడం భాషలోని కొరత.

ఎక్కడ గీత గీయాలి, ఎప్పుడు నోరు విప్పాలి?

గీత ఎక్కడుండాలన్నది ఒక్కో రంగానికి ఒక్కోలా ఉంది. మనస్తత్వ శాస్త్రం, వైద్య పరిశోధన వంటి చోట్ల చాలాకాలంగా 5 శాతం గీత వాడుకలో ఉంది, అంటే సుమారు రెండు సిగ్మా. 2015లో వంద మనస్తత్వ శాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మూల అధ్యయనాల్లో 97 శాతం ఆ గీత దాటగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే దాటాయి. గీతను 0.5 శాతానికి బిగించాలని పలువురు పరిశోధకులు ప్రతిపాదించారు. బిగిస్తే చిన్న బృందాలు, అరుదైన రోగాల మీద పనిచేసేవారు దెబ్బతింటారని, ప్రతి ప్రశ్నకూ దానికి తగిన గీతను సమర్థించుకోవడమే మేలని మరికొందరు అన్నారు. ఒక ఫలితం ఏ గీత దాటిందన్న ఒక్కదాని మీదే శాస్త్ర నిర్ణయాలు ఆధారపడకూడదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది.

ఇక ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్న. తొందరపడి చెప్పి తరువాత వెనక్కి తగ్గితే శాస్త్రం మీద జనానికి నమ్మకం పోతుందని ఒక వాదన. టెలిస్కోపు సమయానికి విపరీతమైన పోటీ ఉన్నప్పుడు, మూడు సిగ్మా సూచనను బయటపెట్టకపోతే దాన్ని తేల్చే పరిశీలనలకు అవకాశమే రాదని ఎదురు వాదన. మధ్యేమార్గంగా నాసా శాస్త్రవేత్తలు 2021లో జీవాన్వేషణకు ఏడు మెట్ల నిచ్చెన ఒకటి ప్రతిపాదించారు. సంకేతం కనబడటం మొదటి మెట్టు, అది కలుషితం వల్ల రాలేదని చూడటం తరువాతిది, జీవం లేకుండా అది పుట్టే దారులన్నీ మూసుకుపోవడం ఇంకా పైది.

అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ 2024 జులైలో చూసిన చెయావా ఫాల్స్ అనే రాతిని ఈ నిచ్చెన పక్కన పెట్టి చూడవచ్చు. ఎర్రటి రాతి మీద చిరుతపులి మచ్చల్లా నల్లని అంచున్న చిన్న వలయాలు, వాటిలో ఇనుము, ఫాస్ఫేట్, గంధకం ఉన్న ఖనిజాలు. భూమ్మీద ఇలాంటి మచ్చలు సూక్ష్మజీవుల వల్ల ఏర్పడతాయి, అవి లేకుండా జరిగే రసాయన చర్యల వల్ల కూడా ఏర్పడవచ్చు. 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పత్రం దీన్ని 'సంభావ్య జీవ సంకేతం' అని మాత్రమే పిలిచింది. అక్కడ కొలతలో సందేహం తక్కువ, ఖనిజాలు ఉన్నాయి. వాటికి అర్థమేమిటన్నదే తేలాలి. కె2-18బి అంతకంటే కింది మెట్టు మీద ఉంది. ఆ వాయువు అసలు ఉందో లేదో తేలాలి.

కె2-18బి ఇప్పుడు ఎక్కడుంది?

ఈ గ్రహానికి ఇటువంటి అనుభవం కొత్త కాదు. 2019లో హబుల్ టెలిస్కోపు సమాచారంతో అక్కడ నీటి ఆవిరి దొరికిందన్నారు. 2023లో జేమ్స్ వెబ్ చూసినప్పుడు ఆ గుంట ఎక్కువగా మీథేన్‌దని తేలింది. అదే సమాచారంలో మీథేన్ ఐదు సిగ్మాతో, కార్బన్ డయాక్సైడ్ మూడు సిగ్మాతో కనబడ్డాయి. మీథేన్ విషయంలో పెద్దగా పేచీ లేదు. గ్రహం అడుగున ఏముందన్నది మాత్రం వివాదమే. హైడ్రోజన్ ఆకాశం కింద సముద్రం ఉందన్నది మధుసూదన్ బృందం అభిప్రాయం. కింద కరిగిన శిలాద్రవం ఉన్నా, లేదా అసలు నేలే లేని చిన్న నెప్ట్యూన్ లాంటి గ్రహమైనా ఇదే వర్ణపటం వస్తుందని ఇతరులు చూపించారు. 2025లో రెన్యూ హు బృందం మరిన్ని పరిశీలనలు కలిపి, గ్రహంలో నీరు సమృద్ధిగా ఉన్నదన్న మాటను బలపరిచింది, డైమిథైల్ సల్ఫైడ్‌కు మాత్రం నిర్ధారణ ఇవ్వలేకపోయింది.

మరో 16 నుంచి 24 గంటల జేమ్స్ వెబ్ సమయం దొరికితే ఐదు సిగ్మా దాకా వెళ్లవచ్చని మధుసూదన్ బృందం మొదటి ప్రకటనలోనే చెప్పింది. అన్ని గంటలు దొరికి, ఆ గుంట నిలబడి, అది డైమిథైల్ సల్ఫైడ్‌దేనని అందరూ ఒప్పుకున్నారనుకుందాం. అప్పుడు ప్రశ్న ప్రయోగశాలలకు మారుతుంది. రోసెట్టా వ్యోమనౌక వెంబడించి పరిశీలించిన 67పి తోకచుక్కలో ఇదే వాయువు ఉన్నట్టు 2024లో గుర్తించారు. అక్కడ ప్లవకాలు లేవు. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువుల మీద అతినీలలోహిత కాంతి పడేలా చేసి, జీవం ప్రమేయం లేకుండానే ఈ వాయువును ప్రయోగశాలలో పుట్టించారు కూడా. కేంబ్రిడ్జ్ బృందం అంచనా ప్రకారం కె2-18బిలో ఇది భూమ్మీద కంటే వేల రెట్లు ఎక్కువ గాఢతలో ఉండాలి. అంత మొత్తాన్ని వట్టి రసాయన చర్యలు ఇవ్వగలవా, ఎర్ర మరుగుజ్జు వెలుగులో, హైడ్రోజన్ నిండిన గాలిలో? ఇప్పుడు కొన్ని ప్రయోగశాలల్లో గాజు గదుల్లో వాయువులు నింపి చూస్తున్నది ఇదే.